వేర్లు తినే రకం

జనాజా భుజాలకెత్తుకుని మగవాళ్లు ఇల్లు దాటి ఎంతోసేపు కాలేదు. ఆడవాళ్లంతా ముందుగదిలో చాపల మీద కూర్చుని ఖురాన్ చదువుతున్నారు. ఫరహా ఒళ్లో ఫోన్ గుర్రుమంది. తమ్ముడు ముస్తకీమ్ ఫొటో పంపాడు. తండ్రి కోసం నాయనమ్మ సమాధి పక్కనే తవ్విన కబర్ అది. ఎర్రమట్టి గోడలో అడుగున ఒక బొక్క, ఆ బొక్కలోంచి గోధుమరంగు దారమేదో జారి గొయ్యి అడుగంతా పరుచుకుని ఉంది. ఫొటో పెద్దది చేసి చూసింది. దారం కాదు, చీమలు.

కొంగు సర్దుకుని వెనక వసారాలోకి వెళ్లేసరికి ఫోన్ మోగింది.

"ఆపా, చూసినవా?" ముస్తకీమ్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "కబర్లు తవ్వే అబూబకర్ పని అయిపోయిందనుకున్నం. ఆఖరికి గోడ సాపు చేస్తుంటే పెళ్ల ఊడింది. గంతే, బుస్సున లేసినయ్. పారతోని ఎత్తిపోస్తే మళ్ల వస్తున్నయ్. ఏందివి?"

ఏందివని ఆమెను కాక ఎవర్ని అడుగుతాడు? ఖమ్మంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతుంది. చీమల మీదే పీహెచ్‌డీ చేసింది. పెళ్లిళ్లలో చుట్టాలు "చీమల మేడం వచ్చింది, చక్కెర డబ్బా దాచుండ్రి" అని ఏడిపించేవాళ్లు. ఇవాళ దుమ్ముగూడెం ఖబ్రస్తాన్‌లో నిలబడ్డ ఆ చుట్టాల్లో ఒక్కడికీ నవ్వులేదు.

"మందు గిట్ల చల్లుదామంటే మసీదు పేష్‌మామ్ సాబ్ వద్దన్నడు, చీమను చంపొద్దని. అందరు దూరం జరిగిండ్రు ఆపా. అజాబ్ అంటున్రు."

అజాబ్ అంటే పాపం చేసినవాడికి కబర్‌లోనే మొదలయ్యే శిక్ష. వాళ్ల నాన్న మహబూబ్ అలీ భద్రాచలంలో దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. ఎవరి జోలికీ పోయేవాడు కాదు. అయితేనేం, ఊరు పట్టుకుని వేలాడటానికి ఒక్క తప్పు చాలదూ! ఇంటి గోడ దగ్గర తగాదా వచ్చి సొంత తమ్ముడితో మాటలు మానేశాడు. ఆ తమ్ముడు పోతే ఆఖరిచూపుకు కూడా గడప దాటలేదు. ఎంత పాడు పంతమో! ఆ పంతం తర్వాత ఆయన్నే తినేసింది. మంచం పట్టాక ఫరహా చెయ్యి పట్టుకుని, "మట్టిల నన్నేమన్న కొరుకుతయా బిడ్డా? నాకు భయమైతుంది" అని పసివాడిలా అడిగేవాడు. "ఏవీ కొరకవు అబ్బా" అనేది ఆమె. అప్పుడు అది వట్టి ఓదార్పు మాట.

"ముస్తకీమ్, రెండింటిని తెల్ల రుమాలు మీద ఏసి దగ్గర్నుంచి ఫొటో తియ్యి. జల్దీ."

ఫొటో వచ్చింది. నున్నటి ఎర్రగోధుమ ఒళ్లు, నలుచదరంగా తల. కళ్లుండాల్సిన చోట ఏమీ లేదు, చిన్న చుక్క కూడా లేదు. నడుము దగ్గర ఒకే కణుపు. రెండోది దానికి మూడింతలుంది, అయినా ఒక తల్లి పిల్లలే. పెద్దదాని దవడలు కొడవళ్లలా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఫరహాకు అనుమానం లేదు. డోరిలస్, దండు చీమ. అన్ని చీమల్లా ఒకచోట స్థిరంగా ఉండదు. నేల లోపలే దండుగా నడుస్తుంది, చూపు లేకపోయినా ముందుదాని వాసన పట్టుకుని వెనకది నడుస్తుంది.

ఈ జాతిలో మగదాన్ని చూస్తే అసలు చీమ అనుకోరు. రెక్కలు, పెద్ద కళ్లు, వేలంత లావు పొట్ట. వెనకటి శాస్త్రవేత్తలు కూడా దాన్ని కందిరీగల్లో వేసి పేరు పెట్టారు. ఒక వానాకాలం అబ్బా దుకాణంలో ట్యూబ్‌లైటు కింద అలాంటిది పడితే సీసాలో పట్టి కూతురి కోసం దాచాడు. "మగోనికి కళ్లు, రెక్కలు, అన్నీ ఉన్నయ్. పాపం పనోళ్లకు గుడ్డిబతుకా! గిదేం ఇన్సాఫే, గిదేం న్యాయమే?" అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చి ఫరహాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇప్పుడు ఏడిస్తే ఎట్లా?

అసలు భయం ఇంకా ముందుంది. ఇక్కడి నేలల్లో దొరికేవని ఆమెకు తెలిసిన దండు చీమలు రెండు రకాలు. ఒకటి వేర్లు, దుంపలు కొరుక్కు తినేది. పల్లీ రైతులు దాన్ని తిట్టని రోజుండదు. రెండోది వేటకత్తె. చెదలు, పురుగులు, మెత్తగా దొరికిన మాంసం, ఏదైనా సరే. పైకి రెండూ కవలలే. తేడా మీసాల్లో ఉంటుంది. వేర్లు తినేదానికి మీసంలో కణుపులు తక్కువ, వేటకత్తెకు ఎక్కువ. ఫొటోలో మీసాలు మసకగా ఉన్నాయి.

"తమ్మీ, దాని మీసంల కణుపులు ఎన్నున్నయో లెక్కవెట్టు."

"ఆపా!" ముస్తకీమ్ గొంతు చీరుకుపోయింది. "అబ్బా నేల మీదున్నడు. నేను చీమ మీసాలు లెక్కవెట్టుకుంట కూసోవాల్నా? దిమాఖ్ ఉండే మాట్లాడుతున్నవా? మొగులు ముసిరింది, వాన అందుకుంటది. గీడ్నే పెట్టుడా, వేరే కబర్ తవ్వుడా, గదొక్కటి చెప్పు."

"వేరే తవ్వితే?"

"వేరే తవ్వితే ఏముంది, తమ్ముని మయ్యత్‌కి పోనోన్ని మట్టి గూడ కాదన్నదని చెప్పుకుంటరు. పోయిన మన చాచా కొడుకు ముందే అందుకున్నడు."

కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు, ఊరి మూతికి ఏం పెడతాం? ఫరహా ఫొటోను ఇంకా పెద్దది చేసింది. గీతలు చెదిరి చుక్కలయ్యాయి. అంతలో వెనక అలికిడైంది. గడపలో అమ్మ ఖతీజా నిలబడి ఉంది, తలమీది తెల్లకొంగు భుజం మీదికి జారిపోయింది. ముందుగదిలో ఖురాన్ చదివే గొంతులు ఆగిపోయాయి. ఎవరి ఫోనుకో కబురు అందనే అందింది.

"కబర్ల చీమలు లేసినయంట?" అంది ఖతీజా. "మీ చాచా ఉసురేనా? మీ అబ్బా మంచాన పడ్డప్పటి సంది గీ దినానికే భయపడ్డడు బిడ్డా. ఆయనకు అజాబ్ రాసిపెట్టి ఉందా? నువ్వు సదువుకున్నదానివి, నాకు నిజం చెప్పు."

చదువుకున్నదానికేం తెలుసు! తెలియదని చెబితే చాలు, అమ్మ ఈ వసారాలోనే కూలిపోతుంది. ఫరహా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, అమ్మకు వినపడేటట్టు గట్టిగా అంది.

"తమ్మీ, అవి వేర్లు తినే రకం. మనిషి జోలికి రావు. గాడ్నే పెట్టుండ్రి, దాదీ పక్కనే. అందరికీ చెప్పు, నేను చెప్పిన్నని."

"పక్కానా ఆపా?"

"పక్కా."

ఖతీజా గడప పట్టుకుని అట్లాగే జారి కూర్చుంది. "అల్‌హందులిల్లా" అంటూ కళ్లు ఒత్తుకుంది. లోపల చదువు మళ్లీ మొదలైంది.

తర్వాత వాన దిగింది. గోదావరి మీంచి వచ్చే వాన, ఒకసారి పట్టుకుంటే వదలదు. ఫరహా అమ్మ పక్కనే కూర్చుంది గానీ, ఖురాన్ ఆయత్‌లు ఒక్కటీ చెవికి ఎక్కలేదు. తన పరీక్షపేపర్లలో తనే ఇచ్చిన ప్రశ్నలన్నీ ఇప్పుడు తన మీదికే వచ్చాయి. దండులో పనిచీమలెన్ని? లక్షలు. తడిమట్టిలో బలహీనపడతాయా? పడవు, చురుకెక్కుతాయి. కొరికితే వదులుతాయా? ఒళ్లు తెగినా తల వదలదు. ఆ తెల్లబట్టలో ఉన్న మనిషి చీమ కుట్టినా "హాయ్ అల్లా" అని అరిచే మనిషి. దేవుడా, నేనెంత మాట అన్నాను! లేచి ఫోన్ చేద్దామని రెండుసార్లు వేలు పెట్టింది. ఏమని చెబుతుంది? వేలు వెనక్కి తీసుకుంది.

ముస్తకీమ్ వచ్చేసరికి వాన సన్నబడింది. పైజామా మోకాళ్ల దాకా మడిచి వసారా మెట్టు మీద కూలబడ్డాడు. పిక్కల మీద, పాదాల మీద ఎర్రటి దద్దుర్లు, నడిమధ్య గోధుమరంగు నలుసులు.

"నేనే దిగి దించిన ఆపా," అన్నాడు. మాటలో ఏడుపుంది, గర్వమూ ఉంది. "అడుగు పెట్టంగనే మోకాళ్ల దాకా ఎక్కినయ్. చేతులు ఖాళీ లెవ్వు. దులుపుకుంటే అబ్బా జారిపోతడు. పండ్లు బిగవట్టి నిలవడ్డ. మంచిగ పడుకోబెట్టిన."

ఖతీజా లోపల్నుంచి ముల్లుతీసే చిమటా, తెల్లసాసరు తెచ్చి కొడుకు కాళ్ల దగ్గర కూర్చుంది. ఒక్కొక్క నలుసునూ పట్టి లాగి సాసర్‌లో వేసింది. చీమల తలలవి, ఒళ్లు ఎప్పుడో తెగిపోయింది, దవడలు మాత్రం వదలలేదు. తీసినచోటల్లా చిన్న నెత్తురుబొట్టు వచ్చింది. పని అయ్యాక ముస్తకీమ్ కాళ్లు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్లాడు.

ఫరహా చేతిసంచిలోంచి భూతద్దం తీసింది. చూడకుండా ఉంటే బాగుండు అనుకుంటూనే తీసింది. సాసర్‌లో ఒక పెద్ద తలకు మీసం చెక్కుచెదరకుండా ఉంది. కణుపులు లెక్కపెట్టింది. ఎక్కువే ఉన్నాయి. తప్పు చూశానేమోనని ఇంకో తల చూసింది. దానికీ అంతే.

"ఏం రకమే?" అంది ఖతీజా.

"చెప్పిన గద అమ్మీ. వేర్లు తినేటివే."

ఖతీజా కూతురి మొహంలోకి చూసింది, చాలాసేపు చూసింది. బోరింగు దగ్గర ముస్తకీమ్ నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె సాసరు ఎత్తి కొంగు చాటున పెట్టుకుంది.

"తమ్మునికి గూడ గదే చెప్పు బిడ్డా," అంది మెల్లగా. "వాడు తన చేతులతోని దించిండు."