ఆఫ్ చేశా, దిగు

లిఫ్టు మెకానిక్కు తల పగిలి ఎనిమిది నెలలైంది. కుట్లు మానాయి, మాట తడబాటు పోయింది. ఆ ఒక్క రోజు మాత్రం బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. “గుర్తు లేకపోవడమే నీ అదృష్టం” అన్నారు చూడ్డానికొచ్చినవాళ్లంతా. అనడానికేం, నోరుందిగా! గుర్తు లేని భయం ఎటునుంచి వస్తుందో కూడా తెలియదు.

అతనికది బావ గొంతు వెంట వచ్చేది. బావంటే భార్యకు అన్నయ్య, పదేళ్లుగా పనిలో జోడీ. ఒకరు పైన మెయిన్ స్విచ్చు దించి “ఆఫ్ చేశా, దిగు!” అని కేకేస్తేనే రెండోవాడు లిఫ్టు కింద ఉండే గుంతలో కాలు పెట్టాలి. అదీ వాళ్ల కట్టుబాటు. ప్రమాదం నాడు ఇతన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిందీ బావే. అలాంటివాడు రోజూ గుమ్మంలో “ఏం బావా!” అనగానే ఇతనికి ముచ్చెమటలు పట్టేవి. స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకునేవాడు.

“ప్రాణం కాపాడినవాణ్ణి చూసి దడుసుకుంటారేంటండీ?” అని భార్య కళ్లొత్తుకునేది.

తనకు పిచ్చెక్కుతోందని అతనికి రూఢి అయిపోయింది. పిచ్చివాణ్ణి మళ్లీ పనిలోకి ఎవరు రానిస్తారు?

ఇంట్లో చిన్న పనులతో మొదలుపెట్టమన్నాడు డాక్టరు. ఓ పొద్దున హాల్లో ఫ్యాను ఆగిపోతే, భార్య తన అన్నయ్యను తోడు పిలిచింది. ఇతను వణుకుతూనే స్టూలు ఎక్కబోయాడు. బావ గుమ్మం పక్క బోర్డు దగ్గరికెళ్లి, పాత అలవాటుకొద్దీ కేకేశాడు.

“ఆఫ్ చేశా, దిగు!”

స్టూలు తిరగబడింది. అతను బల్ల కింద దూరి, రెండు చేతులతో తల కప్పుకుని అరిచాడు. “ఆపలేదు! బావా, నువ్వు ఆపలేదు! వస్తోంది, పైనుంచి వస్తోంది!”

“ఏమీ రావట్లేదండీ! అన్నయ్యా, నువ్వైనా చెప్పు!”

బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు. గోడకు జారగిలబడి కూలబడ్డాడు.

“ఫోన్లో మాట్లాడుతున్నానమ్మా ఆ రోజు. స్విచ్చు మీద చెయ్యుంది. దించేద్దాంలే అని ముందే కేకేశా... దించలేదు.” తల వంచుకున్నాడు. “నేను రోజూ వచ్చింది పలకరించడానిక్కాదు. బావకి గుర్తొచ్చిందేమో చూడ్డానికి.”

బల్ల కింద అరుపు ఆగింది. తనది పిచ్చి కాదు. ఆ సంగతి తెలిసి అతనికి ఏడుపొచ్చింది, వణుకు మాత్రం తగ్గలేదు.

“బావా,” అన్నాడు మెల్లగా, “ఇప్పుడు ఆఫ్ చేశావా?”

బావ తలెత్తి బోర్డు వైపు చూశాడు. స్విచ్చు ఇంకా ఆన్‌లోనే ఉంది.