పచ్చగా ఉన్న హుసైబ్

హుర్రియా ఆరోగ్య శాఖ ఆఫీసులో కూర్చుని ఊళ్లకు రంగులేసుకుంటుందనీ, పసిపిల్లలు చేసే పనికి అంత చదువెందుకనీ, కలరాతో కుళ్లిపోతున్న హుసైబ్‌ను పటంలో పచ్చగా పెట్టిందనీ, అదీ సొంత పిన్ని ఉండే ఊరనీ, పక్కింటి ఉమ్ గమ్దాన్ రొట్టెల పొయ్యి దగ్గర నిలబడి వీధి వీధంతటికీ చెప్పిందట. ఆ మాట మోసుకొచ్చినవాడు నీళ్ల ట్యాంకరు డ్రైవరు ముక్బిల్.

"అందులో అబద్ధమేముంది?" అంది హుర్రియా, కంప్యూటరు తెర మీంచి కళ్లు తిప్పకుండా.

నలభై దాటిన మనిషి. ముసుగులోంచి కనిపించే కళ్ల కింద చర్మం కమిలిపోయి ఉంది. గోరింటాకు సగం చెరిగిన వేళ్లు అంకెలు నొక్కుతున్నాయి. కొండల్లోని వైద్యశాలలు పొద్దున్నే ఫోన్లో కలరా రోగుల లెక్క చెబుతాయి. ఆమె ఎక్కిస్తే పటంలో ఊళ్లు రంగు మారతాయి. ఎర్రబడ్డ ఊరికి మంచినీళ్ల బండి, సెలైన్లు వెళతాయి. పచ్చని ఊరికి ఏమీ వెళ్లదు. హుసైబ్ వైద్యశాల వరదలో కూలింది. నర్సు వెళ్లిపోయింది. చెప్పే గొంతు లేదు కాబట్టి లెక్క సున్నా. సున్నా అయితే పచ్చ.

పిన్ని మంచం పట్టిందని పొద్దున ఆమె కొడుకు నష్వాన్ ఫోన్ చేశాడు. తల్లిలేని హుర్రియాను వీపున మోసుకుని కొండ దిగి బడిలో దింపిన పిన్ని.

"కలరా అని ఎవరికైనా చెప్పరేంరా?" అని అడిగింది ఫోన్లో.

"ఆ పేరెత్తితే మా ఇంటి రొట్టె ఎవరు ముట్టుకుంటారక్కా? ఊళ్లో అందరం ఎండదెబ్బే అంటున్నాం. ఎండదెబ్బనే పూడుస్తున్నాం."

హుర్రియా ఆ ఫోను సంగతి ముక్బిల్‌కు చెప్పింది. "బండి నిండుగా ఉందక్కా. నువ్వు ఎర్రగా చేస్తే పోతా," అన్నాడు ముక్బిల్.

లేని అంకె వేయడానికి చెయ్యి రాలేదు. హుసైబ్‌ను బూడిద రంగు చేసి పెద్ద డాక్టరు షాయిఫ్ ముందు పెట్టింది.

"ఈ బూడిదేంటమ్మా?"

"కబురు లేని ఊరు. కబురు లేకపోతే జబ్బు లేనట్టా, డాక్టర్?"

"నాకు తెలీదా?" ఆయన గొంతు తగ్గించాడు. "రాజధాని నుంచి పెద్దలొస్తున్నారు. బూడిద చూస్తే కబురెందుకు లేదంటారు, నర్సేదంటారు, చివరికి నా పీక పట్టుకుంటారు. ఈ పూటకి పచ్చ చెయ్యి. వాళ్లు కదలగానే బండి నీ ఊరికే."

ఆమె చేసింది. పేనును గోటితో నొక్కినట్టు నొక్కింది.

పెద్దలొచ్చారు. పటం గోడ మీద వెలుగుతుంటే దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. "పచ్చ బాగా పెరిగిందే!" అని మెచ్చుకున్నారు. తరవాత మాంసం వచ్చింది, తేనె వేసిన రొట్టె వచ్చింది, నమిలితే మత్తెక్కే ఖాత్ ఆకుల కట్టలు విప్పారు. దవడలు ఉబ్బాయి. ఎవరూ కదల్లేదు. వాకిట్లో నిండు ట్యాంకరు ఎండలో నిలబడే ఉంది. ముక్బిల్ దాని నీడలో కూర్చుని చెప్పుతో నేలను తన్నుతున్నాడు. హుర్రియాకు ఆ నవ్వులన్నీ ఒంటి మీద ఉమ్మినట్టున్నాయి.

సాయంత్రపు అసర్ నమాజు పిలుపు అయ్యాక నష్వాన్ మళ్లీ ఫోన్ చేశాడు.

"అమ్మను పూడ్చేశామక్కా. ఊళ్లో మిగిలినవాళ్లం అందరం కొండ దాటుతున్నాం. ఆ నీళ్లు ఇంకెవరూ తాగకుండా బావి మీద బండ దొర్లించి వచ్చాం."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, ఆకు నములుతున్న గదిలోకి నేరుగా నడిచింది. మగవాళ్ల గదిలోకి ఆడమనిషి రావడం చూసి అందరూ మాటలాపారు.

"పిన్ని పోయింది," అంది.

డాక్టరు లేచి నిలబడ్డాడు. "ఇన్నా లిల్లాహి... దేవుడు సహనమివ్వాలి తల్లీ. వెళ్లి హుసైబ్‌ను ఎర్రగా చేసెయ్. ఇప్పుడే బండి పంపిస్తా."

"పచ్చగానే ఉండనివ్వండి డాక్టర్. ఇప్పుడక్కడ జబ్బు పడేందుకు మనిషి లేడు."