ఎడమ నుంచి రెండోది

బిల్లులు కొట్టే కొత్త క్యాష్ మిషన్‌ని పెట్టెలోంచి తీసిన దగ్గర్నుంచీ మా అత్తగారు దానికి ఆమడ దూరంలోనే ఉన్నారు. బిస్కెట్ల కొట్టు ఆవిడదే అయినా, పోరి పోరి మిషన్ కొనిపించింది నేను. అందుకని ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. కరెంటు పోయినా ఎక్కించినవి చెరిగిపోకుండా ముందు బ్యాటరీలు వేశాను, చీటీలకొకటీ, లోపల ఉండే నకలుకొకటీ కాగితం చుట్టలు బిగించాను, తాళంచెవి ప్రోగ్రాం వైపు తిప్పి ఒక్కో రకానికీ ఒక నంబరూ ధరా ఎక్కించాను. మన అక్షరాలు దానికి రావు కాబట్టి చీటీ మీద నంబరే పడుతుంది.

కొనేవాళ్ళ వైపు నిలబడి, అద్దాల బీరువాలోని డబ్బాల పేర్లు చదువుకుంటూ ఎడమ నుంచి వరసగా నంబర్లిచ్చాను. బీరువా వెనక కూర్చుని పొట్లాలు కట్టే బాబాయికీ అదే చెప్పాను, ఎడమ నుంచి ఒకటి, రెండు అని. ఇక పేర్లు అరవక్కర్లేదు, చీటీ చూసి కట్టడమే. ఆయన తలూపాడు. పొద్దున్నించీ బేరాలు చకచకా సాగుతుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మధ్యాహ్నం రిటైరైన మాస్టారొకరు పొట్లంతో వెనక్కొచ్చారు. అల్లం బిస్కెట్లు అడిగితే కొబ్బరివి వచ్చాయట. మీ మిషన్‌కీ మా ఆవిడలాగే చెవుడుందని నవ్వించారు. నేనూ నవ్వుతూనే బీరువా వెనక్కి వెళ్ళి బాబాయి పక్కన నిలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే ఆయన ఎడమ, నేను నంబర్లిచ్చినప్పటి నా కుడి. ఆయనకి రెండోది వేరుసెనగ డబ్బా.

నేనిచ్చిన రెండో నంబరు వేరుసెనగ తగలని బిస్కెట్లది. మా ఆడపడుచు కూతురికి ఆ గింజ పడదు, గొంతు వాచి ఊపిరాడదు. ఆ పిల్ల కోసమే వేరే పొయ్యి మీద చేయడం మొదలుపెట్టాం. తర్వాత అలాంటి పిల్లలున్న తల్లులు ఎక్కడెక్కడినుంచో దానికోసం వస్తున్నారు. గింజ మెత్తగా పిండి చేసి కలుపుతాం కనుక, చూపుకి రెండూ ఒకటే.

రెండో నంబరు చీటీలు ఏమైనా వచ్చాయా అని బాబాయిని అడిగాను.

"బోలెడొచ్చాయమ్మా. ఇవాళ అందరికీ వేరుసెనగ మీదికి మనసు పోయిందే అనుకున్నాను."

పొద్దున్నే మా ఆడపడుచు కూడా ఒక పొట్లం పట్టుకెళ్ళింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండో నంబరు తిరగబడిందని బాబాయికి అరిచి చెప్పి, కొంగు బిగించి పరుగెత్తాను. రెండు వీధులే, కానీ ఎంత పరుగెత్తినా తరగలేదు. దేవుడా, దేవుడా అనడం తప్ప ఇంకో మాట రాలేదు నాకు.

పిల్ల నేల మీద బొమ్మలేసుకుంటోంది. పొట్లం విప్పకుండా బల్ల మీదుంది. దాన్ని లాక్కుని అక్కడే కూలబడ్డాను. సంగతి చెప్పేసరికి మా ఆడపడుచు పిల్లని ఒళ్ళోకి తీసుకుంది.

"వాసన కూడా చూసేదాన్ని కాదు వదినా. మన కొట్టుదని కళ్ళు మూసుకుని పెట్టేసేదాన్ని."

తిరిగొచ్చేసరికి అత్తగారు మిషన్ లోపలి నకలు చుట్ట మొత్తం బయటికి లాగి, కళ్ళజోడు సర్దుకుంటూ చూస్తున్నారు. రెండు, మళ్ళీ రెండు, మధ్యలో ఏదో ఒకటి, మళ్ళీ రెండు. గల్లా పెట్టె దగ్గర ఆవిడుండగా ప్రతి తల్లినీ పిల్లెలా ఉందని అడిగేవారు. నేను పొద్దున్నించీ మీటల మీంచి తలెత్తలేదు. ఎవరొచ్చారో ఒక్క మొహం గుర్తు లేదు.

"వీళ్ళంతా ఎవరో చెబుతుందా ఇది?"

చెప్పదన్నాను. ఆవిడ బాబాయిని కొట్టు ముందు నిలబెట్టి, పొట్లాలతో ఎవరొచ్చినా ఆపమని చెప్పి, ఏ పిల్ల డబ్బాలోనైనా ఉన్నాయేమోనని చెప్పులైనా వేసుకోకుండా బడి వైపు వెళ్ళారు.

నేను ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో బెంచీల మీద పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లులు. వాళ్ళలో ఎవరి చేతిలోనూ మా పొట్లం ఉండకూడదని మొక్కుకుంటూ, ఒక్కొక్కరి చేతులే చూసుకుంటూ నడిచాను.