ఎనభై మందికి వేపపువ్వు

ఫోన్‌లో అమ్మ గొంతు వణకడం నేనెప్పుడూ వినలేదు.

"అక్షరా, ఆ పచ్చడి ఇంకా ఎవరికీ పెట్టలేదు కదా?"

పెట్టేశానని చెప్పాను. ఎనభై మందికి పెట్టేసి, ఖాళీ బిందె పక్కన గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఉగాది పనిరోజున వచ్చింది, ఈ అరబ్బు దేశంలో లేబర్ క్యాంపుకు సెలవు శుక్రవారమే. అందుకని మా కుర్రకారు ఐదుగురం శుక్రవారం ఉదయం ఫ్యాక్టరీల పేట సనయ్యాలోని క్యాంపుకు బొబ్బట్లతో సహా పండుగ పట్టుకొచ్చాం. పచ్చడి నేనే చేస్తానని మీద వేసుకున్నాను. అన్నిటికీ ముందుండటం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

"నువ్వు కోసుకొచ్చిన పూలు కొన్ని సింకు దగ్గర పడి ఉన్నాయి. ఇప్పుడే చూశాను. ఊదారంగులో ఉన్నాయే! అది వేప కాదు, కొండవేప. మా ఊళ్ళో అది మేసి మేకలు చచ్చిపోయాయి. ఎంత తిన్నారు? చెంచాడేగా?"

చెంచాడైతే బాగుండేది. మా కాకినాడ వాళ్ళకు ఉగాది పచ్చడంటే అరచేతిలో చెంచాడు పెట్టించుకుని, మొహం చిట్లించి మింగడం. ఇక్కడున్నవాళ్ళంతా జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. వీళ్ళు పచ్చడి తాగుతారు. మనిషికి రెండేసి గ్లాసులు, అంజి అన్న అయితే మూడు. ఇంట్లో ముద్దగా కలిపింది ఇక్కడ చారులా ఎందుకైందా అని ఒక్క క్షణం అనిపించింది. అందరికీ సరిపోవాలని ఎవరో నీళ్ళు పోసుంటారులే అని ఊరుకున్నాను.

ఐన్ ఖాలిద్‌లో మా ఇంటి వెనక సందులో ఉంది ఆ చెట్టు. ఆకు చూసి వేపేనని ఎగబడి కోశాను. పువ్వు రంగు చూసే ఓపిక నాకెక్కడిది!

అప్పుడే బల్ల మీద అంజి అన్న కడుపు పట్టుకుని ముందుకు వంగాడు. నుదురంతా చెమట.

"ఏమైంది అన్నా?"

"ఏం లేదు చెల్లె. కడుపుల జర తిప్పుతున్నది."

అరగంట క్రితమే తన కూతురి ఫొటో చూపించాడు, రెండు జడల పిల్ల. అంబులెన్స్ పిలవాలి. వేలు కదలడం లేదు. ఏమని చెప్పాలి? సేవకొచ్చి ఎనభై మందికి విషం పోశాననా? పోలీసులు వస్తారు, నాన్న ఉద్యోగం పోతుంది... సిగ్గులేని బుర్ర ముందు మా గురించే ఆలోచించింది.

వంటగదిలోకి పరిగెత్తాను. క్యాంపులో అందరికంటే పెద్దవాడు బుచ్చన్న అక్కడ గ్లాసులు కడుగుతున్నాడు. పొద్దున కారులోంచి నా బిందె దింపుకున్నది ఆయనే.

"అంకుల్, అంబులెన్స్ పిలవండి! పచ్చడిలో విషం ఉంది. నేనే వేశాను!"

ఆయన చేతులు తుడుచుకుని వెనక తలుపు తీశాడు. చెత్తడబ్బాలో నా పచ్చడి ముద్ద, దాన్నిండా ఊదారంగు పూలు.

"మూత తీయంగనే సూసిన బిడ్డా. అది యాపపువ్వు గాదు. అంత దూరం నుంచి మోసుకొస్తే, అందరి ముంగట నీ మొకం మీద ఎట్ల చెప్పాలె? పొద్దుగాల మేం కలుపుకున్నది ఉండె. నా పెండ్లాం ఎల్లవ్వ ఇంటికాడ ఎండబెట్టి పంపిన పువ్వు. అదే నీ బిందెల పోసిన."

"మరి అంజి అన్న?"

"వాడా! మీరు తెచ్చిన పోలెలు తొమ్మిది మింగిండు."

అక్కడే నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చేశాను. ఆయన మంచినీళ్ళు ఇస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. మొహంలో రంగు మారింది.

"అవ్ బిడ్డా, మీ ఇంట్ల గూడ గదే పువ్వు ఏసుకున్నరా? అమ్మ, నాయిన తిన్నరా? జల్ది ఫోన్ కొట్టు, యల్లా!"

గ్లాసు పక్కన పెట్టి, తన ఫోనే తీసి నా చేతిలో పెట్టాడు.

మా ఇంటి పచ్చడిలో అల్ ముంతజా షాపులో కొన్న ప్యాకెట్ పువ్వు వేశాం. ఇంకో నాలుగు ప్యాకెట్లు కొంటే క్యాంపుకూ సరిపోయేది. క్యాంపు వాళ్ళకు ఎక్కడిదైతేనేం అని సందులోకి వెళ్ళింది నేనే. అంబులెన్స్‌కు ఫోన్ చేయాలన్నప్పుడు కూడా నోరు ఇంతలా ఎండిపోలేదు.

"మాకు... వేరే చేసుకున్నాం, అంకుల్."

"మంచిగయింది బిడ్డా," అని బుచ్చన్న గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నాకైతే పానం పోయినంత పనైంది."