వదలడం నేర్వని ఉడుము

మెకానిక్‌కి ఇంజన్ల తర్వాత ప్రాణం అడవిపంది వేటే. పెళ్ళాం మూడోస్థానంలో ఉందని అతని అక్క దెప్పేది. అక్క మొగుడికి కాలవగట్టున మొక్కజొన్న చేనుంది. ఆ గట్టు పొదల్లో కాపురం పెట్టిన ముసలి మగపంది ఒకటి, చేనంతా తన అత్తారిల్లన్నట్టు మేసిపోయేది. దాన్ని పడగొట్టే కుక్క కోసం బావా బామ్మర్దులు వెతకని చోటు లేదు.

"ముక్కున్న కుక్కకి దవడుండదు, దవడున్నదానికి కాళ్ళుండవు బావా. రెండూ కలిపితేగానీ మన పని కాదు," అన్నాడు మెకానిక్.

గోదాముకి కాపలా కాసే వెడల్పు మూతి ఆడకుక్కని, గొర్రెలకాపరి దగ్గరున్న పొడుగుకాళ్ళ వేటకుక్కతో జతకట్టించారు. పిల్లలు కాస్త ఎదిగాక మెకానిక్ తన షెడ్డులో ఇంజన్లెత్తే గొలుసుకి పందితోలు కట్టి వేలాడదీశాడు. ఒక పిల్ల దాని చుట్టూ తిరుగుతూ గొంతు బొంగురుపోయేదాకా మొరిగింది. ఇంకొకటి చడీచప్పుడూ లేకుండా వచ్చి తోలు కరుచుకుంది. గొలుసు పైకి లాగితే నాలుగు కాళ్ళూ గాల్లోకి లేచాయి గానీ నోరు విడవలేదు.

"ఉడుమురా ఇది!" అని మెకానిక్ పొంగిపోయాడు. అదే దాని పేరైంది. మొరిగేదాన్ని బావ చంకనేసుకున్నాడు.

"పంది ఎక్కడుందో చెప్పేది కూడా ఒకటుండాలి కదరా," అన్నాడు.

"నీకు తగ్గదే దొరికింది బావా. వాగుడుకాయ," అన్నాడు మెకానిక్. ఆ పేరూ ఖాయమైపోయింది.

ఉడుముకి చదువు చెప్పింది మెకానిక్ ఒక్కడే. తన పాత ఖాకీ కోటు కుడిచేతికి పందికొవ్వు పూసి, లోపల గుడ్డలు కుక్కి, తొడుక్కుని ముందుకి చాపేవాడు. అది కరిస్తే, "పట్టు! చచ్చినా వదలకు!" అని అరిచేవాడు. ఎంత అరిస్తే అంత బిగించేది. చివరికి తన చెయ్యి మెల్లగా లాగేసుకుని, కోటు దాని నోట్లోనే ఉంచి, కాసేపయ్యాక కార్జం ముక్క పెట్టేవాడు. దాని మెడకి పాత లారీ టైరు రబ్బరు కోసి, పంది కోర దిగకుండా జానెడు వెడల్పు పట్టీ చేసి, బోల్టులు బిగించాడు. పానా లేనిదే అది ఊడదు.

"ఒరేయ్, వదలమంటే వదలడం కూడా నేర్పరా," అన్నాడు బావ ఒకరోజు. దవడల మధ్య దూర్చి తిప్పి పట్టు విడిపించడానికి ఒక చెక్కముక్క కూడా చెక్కి తెచ్చాడు.

"వదిలేసే కుక్క నాకెందుకు? అక్క గొంతెత్తితే అన్నీ వదిలేసేవాడివి నువ్వున్నావుగా," అన్నాడు మెకానిక్. ఆ చెక్కని, ఊగుతున్న పనిబల్ల కాలికింద పెట్టి, బల్ల కుదురుకుందని మురిసిపోయాడు. తెలివి ఎక్కువైన మనిషికి మంచిమాట చెవికెక్కదు.

వేటకి వెళ్ళిన ఉదయం గట్టంతా ముళ్ళు. దళసరిగా ఉంటుందని మెకానిక్ ఆ ఖాకీ కోటే వేసుకున్నాడు. గుడ్డలు తీసేశాడు గానీ కొవ్వు వాసన ఎక్కడికి పోతుంది?

వాగుడుకాయ ముందు దూకింది. దాని అరుపు జాడ పట్టుకుని పరిగెత్తితే, పొద మధ్య బురదలో పంది నిలబడి ఉంది. నోటి పక్కన కోరలు పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. మెకానిక్ ఉడుమును వదిలాడు. అది మొరగలేదు, సూటిగా వెళ్ళి పంది చెవి కరుచుకుంది. పంది దాన్ని ఎత్తి చెట్టు మొదలుకేసి కొట్టింది, కోరతో పొట్ట చీరింది. తోలు వేలాడుతున్నా ఉడుము వదల్లేదు.

"అదీ నా కొడుకంటే!" అని అరిచి మెకానిక్ పంది వెనక కాలు పట్టి పడేశాడు. ముందుకాలి వెనక కత్తి పిడిదాకా దింపాడు. నెత్తురు ఎగజిమ్మి కోటు చెయ్యి మోచేతిదాకా తడిసింది. చచ్చిందనుకున్న పంది ఒక్క గుంజు గుంజింది. చెవి తెగి ఉడుము నోట్లోకి వచ్చేసింది. అది చెవిని ఉమ్మేసి, పంది వాసన కొడుతున్న ఖాకీ చేతిని పట్టుకుంది.

పళ్ళు ఎముకకి తగిలాయి. మెకానిక్ కేక పెట్టాడు. కేక వినగానే ఉడుము ఇంకా బిగించి తల విదిలించింది. లోపల ఎముక పటుక్కుమంది.

పక్కటెముకల్లో కత్తితోనే పంది లేచింది. వాగుడుకాయ దాని మూతి ముందు గెంతుతూ మొరిగి ఇటు రానివ్వలేదు. ఆ సందులో బావ బల్లెం దాని మెడలో గుచ్చి, మీదపడి తొక్కిపట్టి, కాళ్ళాడడం ఆగాక గానీ లేవలేదు.

"చెక్కేదిరా?" అంటూ పరిగెత్తుకొచ్చాడు.

"బల్ల కింద," అన్నాడు మెకానిక్.

బావ కుక్క గొంతు నులుముదామని చూశాడు, టైరు పట్టీలో వేలు దూరలేదు. బల్లెం కర్ర దూరుద్దామంటే అది బొటనవేలంత సందు కూడా ఇవ్వలేదు. కోటు విప్పుదామంటే కోరపళ్ళు గుడ్డా కండా కలిపి కుట్టేశాయి. నెత్తురు ధారకట్టింది. అప్పుడు అర్థమైంది మెకానిక్‌కి, తన అరుపే దాని బలమని. పెదవి కొరుక్కుని నోరు మూసుకున్నాడు.

"చాల్రా నాన్నా. వదులు," అన్నాడు మెల్లగా. ఆ మాట ఉడుము ఎప్పుడూ వినలేదు. పేగులు బురదలో ఈడుస్తూనే కళ్ళెత్తి అతన్ని చూసి తోక ఊపింది. మెచ్చుకుంటున్నాడనుకుంది.

బావ బల్లెం ఎత్తాడు. "చేతికన్నా కుక్క ఎక్కువ కాదురా. నువ్వు చచ్చిపోతావు."

"నువ్వొద్దు బావా. కత్తి ఇటివ్వు."

బావ పందిలోంచి కత్తి పెరికి అతని ఎడంచేతిలో పెట్టాడు. కుక్క మెడకి మెకానిక్ బిగించిన రబ్బరు అడ్డం. అందుకని పందిని పొడిచిన చోటే, ముందుకాలి వెనక, వెతుక్కున్నాడు. వేళ్ళకి గుండె టకటకా కొట్టుకోవడం తగిలింది. మొహం తిప్పుకోకుండా దించాడు. ఉడుము మూలగలేదు. ఇంకోసారి బిగించింది, అంతే. తోక ఆగిపోయాక కూడా పళ్ళు చేతిలోనే ఉన్నాయి.

బావ బల్లెం కర్రతో ఆ దవడలు విడదీశాడు. కుడిచేతి వేళ్ళు ముడుద్దామంటే ముడుచుకోవడం లేదు. ఆ చేత్తో ఇంక పానా పట్టలేనని మెకానిక్‌కి తెలిసిపోయింది. బావ తలగుడ్డతో మోచేతి పైన కట్టు బిగిస్తుంటే, అతను ఎడంచేత్తో కోటు జేబు తడిమి కార్జం ముక్క తీశాడు. తెరిచి ఉన్న ఆ నోట్లో, నాలుక మీద పెట్టాడు.

"బాగా పట్టావురా," అన్నాడు, అని భోరుమన్నాడు.