నోళ్లు చూసిన అద్దం

నేను ఒక అద్దాన్ని. మీరు బొట్టు సరిచూసుకునే రకం కాదు. రూపాయి బిళ్లంత మొహం, పెన్సిలంత స్టీలు కాడ, అంతే నా ఆస్తి. మీ అందచందాలతో నాకు పని లేదు. మీ నోట్లోకి దూరి, మీరు ఎవరికీ చూపించని మూలలన్నీ చూసి వస్తాను. "రోజూ రెండు పూటలా తోముకుంటానండీ" అని మీరు పళ్ల డాక్టరుకు చెబుతున్నప్పుడు లోపల ఉండేది నేనే. ఎంత నవ్వొచ్చినా ఆపుకుంటాను.

ఏదో కార్ఖానాలో స్టీలు కమ్మీ సాగదీసి, దానికి మొహం అతికించి, మెడ కాస్త వంచి నన్ను తయారు చేశారు. మెడ వంచినందుకు మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. ఆ వంపు లేకపోతే వెనక పళ్ల బాగోతం నాకు తెలిసేదే కాదని తర్వాత అర్థమైంది. విశాఖపట్నంలో సన్యాసిరాజు గారనే పెద్ద డాక్టరు చేతిలో పడ్డాను. పెద్దవాళ్ల పళ్లు బాగుచేయడంలో ఆయనకు మంచి పేరు. పిల్లలొస్తే మాత్రం వాళ్ల కాళ్లు తండ్రి, చేతులు తల్లి, తల కాంపౌండరు పట్టుకోవలసిందే. ఒక బుడతడు ఆయన చూపుడువేలు కసుక్కున కొరికాక గానీ ఆయనకు జ్ఞానోదయం కాలేదు. "పిల్లల నోరంటే పెద్దవాళ్ల నోరే, చిన్న సైజు అనుకున్నాను. కాదు" అని వేలికి కట్టు కట్టించుకుంటూ ఒప్పుకున్నారు.

ఆయన శిష్యురాలు సౌదామిని అప్పటికే పిల్లల పళ్ల వైద్యం కోసం విడిగా మరో మూడేళ్లు చదివి, అనకాపల్లిలో ఆసుపత్రి తెరుస్తోంది. ప్రారంభానికి వెళ్లిన గురువుగారు పూలగుత్తితో పాటు నన్నూ ఆమె చేతిలో పెట్టారు. వాడిన వస్తువును కానుకగా ఇవ్వడం డాక్టర్లకే చెల్లింది.

అనకాపల్లి అంటే బెల్లం. ఆ ఊళ్లో పిల్లల పళ్ల డాక్టరుకు పనికి కరువేమిటి? సౌదామిని గదిలో పెద్ద పెద్ద పళ్లున్న గుడ్డ మొసలి ఒకటి ఉంటుంది. ఏం చేయబోతోందో ముందు పిల్లలకు చెబుతుంది, తర్వాత మొసలికి చేసి చూపిస్తుంది, అప్పుడు గానీ పిల్లల నోటి జోలికి రాదు. సూది అనే మాట ఆ గదిలో వినపడదు. నన్ను "బుల్లి అద్దం" అని పరిచయం చేస్తుంది. ఇంత వయసొచ్చాక ఈ ముద్దుపేరేమిటని సిగ్గేసేది గానీ, అలవాటైపోయింది.

ఒకరోజు బెల్లం వ్యాపారుల ఇంటి నుంచి అప్పలనరసమ్మ అనే మామ్మగారు ఏడేళ్ల మనవరాలు జోషితను లాక్కొచ్చారు. పిల్ల పెదవులు రెండూ బిగించేసింది. ఏడుపు కూడా ముక్కుతోనే. నోరు తెరవకుండా అంత గట్టిగా ఏడ్చిన మనిషిని నేనెక్కడా చూడలేదు. తప్పు పిల్లది కాదు. అన్నం తినకపోయినా, టీవీ ఆపకపోయినా "పళ్ల డాక్టరమ్మ చేత పళ్లన్నీ పీకించీస్తాను" అని ఇంట్లో బెదిరించేది ఈ మామ్మేనట. ఇప్పుడు ఆ డాక్టరమ్మ దగ్గరికే తెచ్చి, నోరు తెరవమంటోంది.

"ఎనకాల పాలపన్ను పుచ్చిపోనాదమ్మా, లాగీండి. ఎలాగూ ఊడిపోయేదే కదా" అంది మామ్మ.

"పాలపన్నని ఎలా తెలిసింది మామ్మగారూ?"

"ఆ పక్క ఒక్క పన్నూ ఊడనేదు. ఊడకుండా కొత్త పన్ను ఎలాగొస్తాది?"

ఈ లెక్క నేను చాలా ఇళ్లవాళ్ల నోట విన్నాను. సౌదామిని ఓపిగ్గా చెప్పింది. ఆరేళ్లప్పుడు పాలపళ్లన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఒక దవడపన్ను చడీచప్పుడు లేకుండా వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. తీసేస్తే ఇంక రాదు. "ఇది అదేనేమో చూడాలి. అదే అయితే తీయను, బాగుచేస్తాను."

మామ్మకు నమ్మకం కుదరలేదు. "లాగడం రాకపోతే సెప్పీ తల్లీ. కూడలి దగ్గర ఇంకో డాక్టరున్నాడు, సిటికెలో లాగీస్తాడు" అని లేచింది. పిల్ల పన్ను ఆ సాయంత్రానికే పోయేలా ఉందని నాకు గుబులు పట్టుకుంది.

"అలాగే వెళ్దురు గాని. ముందు జోషితని మీ పళ్లు చూడనివ్వండి" అంది సౌదామిని.

పిల్ల ఏడుపు ఠక్కున ఆగింది. మనవరాలి ముందు మామ్మ వెనక్కి తగ్గలేకపోయింది. "నాకేటి బయం" అంటూనే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. జోషిత చేతులకు వదులు వదులుగా గ్లవ్స్ తొడిగి, సౌదామిని నన్ను అందించింది. పిల్ల నన్ను మామ్మ నోట్లో పెట్టి, తనిఖీకొచ్చిన పెద్ద ఆఫీసరులా అటూ ఇటూ తిప్పింది.

"మామ్మా, ఇక్కడ పన్నేదీ?"

మామ్మ నన్ను పక్కకు తప్పించింది. "నీ అంతున్నప్పుడు మా యమ్మ లాగించీసిందే. పాలపన్నే, మళ్లీ వొస్తాదంది."

"మరి రాలేదా?"

మామ్మ నాలుక ఆ ఖాళీలోకి వెళ్లొచ్చింది. "నేదు" అంది. "సానా కాలం సూశాను. రోజూ ఏలెట్టి తడుముకునీదాన్ని" అంది. అప్పటిదాకా ఆవిడ మీద నాకున్న వెటకారమంతా దిగిపోయింది. ఆవిడ ఇంక కూడలి డాక్టరు మాట ఎత్తలేదు. మనవరాలి గడ్డం పట్టుకుని, "నోరు తెరు నా తల్లీ. డాక్టరమ్మ లాగదు" అంది.

జోషిత నోరు తెరిచింది. ఆ సమయానికి నన్ను ఆవిరిపెట్టెలో శుద్ధికి పంపేశారు, ఆ దృశ్యం చూసే యోగం ట్రేలోని మరో అద్దం, నా తమ్ముడికి దక్కింది. సౌదామిని అనుమానించినట్టే అది ఉండాల్సిన పన్నే. పుచ్చు లోతుగా ఉంది గానీ పన్నులో ప్రాణముంది. రెండు మూడుసార్లు రప్పించి, శుభ్రం చేసి నింపింది. మిగిలిన దవడపళ్ల గాడుల్లో తిండి ఇరుక్కోకుండా పూత కూడా వేసింది. పడుకునే ముందు పిల్ల బుగ్గన పెట్టుకునే బెల్లంముక్కను మామ్మే మాన్పించింది.

ఆఖరిసారి వచ్చినప్పుడు మామ్మ జోషితను బయట బల్ల మీద కూర్చోబెట్టి, తాను తిరిగొచ్చి ఎవరూ చెప్పకుండానే కుర్చీ ఎక్కింది.

"నాకూ ఆ పన్ను కట్టీమ్మా."

"నేను పిల్లల డాక్టర్ని మామ్మగారూ. విశాఖలో మా గురువుగారికి చీటీ రాసిస్తాను."

"అది పోయినప్పుడు నాను పిల్లనే కదమ్మా" అంది మామ్మ.

సౌదామిని కలం పక్కన పెట్టి, చేతులు కడుక్కొచ్చి నన్ను తీసుకుంది.