కాలిన మూల

అత్తగారు ఇద్దరు కోడళ్ళకూ ఒకే కొలతలో దుప్పటి గుడ్డ ఇచ్చింది. అంచుకు లేసు కూడా సమానంగా కత్తిరించింది.

పెద్దకోడలు తన దుప్పటి ఇస్త్రీ చేస్తూ, వరండాలో అత్తగారు చిన్నకోడలితో ఏం గుసగుసలాడుతోందోనని తొంగిచూసింది. ఆ కాస్తలో దుప్పటి మూల మాడిపోయింది. ఒళ్ళుమండి, ఆ మూలను మూరెడు చదరంగా కత్తిరించి పడేసింది.

పోనీలే, గుడ్డ తగ్గింది కాబట్టి లేసు మిగులుతుంది అనుకుంది. చిన్నకోడలి కూతురి గౌను జేబులకు లేసు ఉంది. అది చూసినప్పటినుంచి తన కూతురు ఒకటే పోరు. "నీకూ కుడతాలే" అని మాటిచ్చేసింది.

తీరా దుప్పటి చుట్టూ కుట్టేసరికి లేసు సరిగ్గా అయిపోయింది. చిన్నకోడలి నిండు దుప్పటికీ సరిపోయింది.

"అత్తయ్యా, నాకు తక్కువ కత్తిరించారు కదూ."

"రెండూ కలిపిపట్టి నీ ఎదురుగానే కోశాను కదే."

"మూల లేని దుప్పటికీ, నిండు దుప్పటికీ ఒకే లేసా? నేనేమైనా పిచ్చిదాన్నా?"

చిన్నకోడలు, కత్తిరించి పడేసిన ఆ మూల ముక్క తెచ్చి దుప్పటి ఖాళీలో పరిచింది. "చూడక్కా. ముక్క ఉంటే బయట రెండు అంచులు. తీసేస్తే లోపల అంతే పొడుగువి రెండు అంచులు. గుడ్డ తగ్గింది, చుట్టుకొలత తగ్గలేదు." ఆగి, మెల్లగా అంది, "నా దగ్గర పాత లేసు ముక్క ఉంది, పిల్లకి..."

"మీ మిగుళ్ళు మాకొద్దులే తల్లీ."

ఆ సాయంత్రం దేవుడి ముందు కూర్చున్నా పెద్దకోడలి మనసు నిలవలేదు. కోతపడితే తగ్గాలి కదా స్వామీ, ఇదేం లెక్క? చేతిలోని ముక్కను ఊరికే మూలనుంచి మూలకు మడిచింది. మాడిందంతా ఒక సగంలోనే ఉంది. రెండో సగం శుభ్రంగా ఉంది.

లేచివెళ్ళి, ఆ మంచి సగాన్ని దుప్పటి ఖాళీలో లోపలి అంచులకు ఆనించింది. రెండు అంచులూ పోయి ఒక్క ఏటవాలు అంచు మిగిలింది. అడ్డదారి ఎప్పుడూ దగ్గరే. అక్కడి లేసు విప్పి, ముక్క అతికి, మళ్ళీ కుడితే జానెడు లేసు మిగిలింది. రెండు జేబులకు చాలు.

మర్నాడు చిన్నకోడలు, జేబులకు లేసు కుట్టిన ఆ గౌనునూ దుప్పటి మూలనూ తిప్పితిప్పి చూసింది.

"భలే మిగిల్చావక్కా! నా దుప్పటి మూల కూడా ఏటవాలుగా కోసేయనా? మా దాని గౌను మెడకి లేసు లేదు."

"మంచి దుప్పటి పాడుచేసుకుంటావటే, చాల్లే."

అలా అందే గాని, చిన్నకోడలి ఆ చూపు పెద్దకోడలికి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ తన కళ్ళలో ఉన్నదే అది. కడుపు నిండినట్టయింది. 'ఇంత సంతోషం తప్పేమో స్వామీ' అని మనసులోనే అడిగింది. జవాబు వచ్చేలోగా, కూతురికి ఆ గౌను తొడిగి వరండాలోకి పంపింది.